ఇంజను లేని రైలు

మా మార్టూరుకు రైలు లేదు. ఎన్నడూ లేదు. పెద్ద రోడ్డు మాత్రం ఉన్నది. మద్రాసు నుంచి కలకత్తా పోయే రోడ్డు అది. రాత్రీ పగలూ దాని మీద లారీలు పోతూనే ఉంటాయి. మాఘ ఫాల్గుణ మాసాలు వచ్చేసరికి వాటి నిండా మిరపకాయల బస్తాలు గుంటూరు పోతాయి. పత్తి బోరాలు పోతాయి. ఏడాది పొడుగునా గ్రానైటు రాళ్ళు పోతాయి. మా ఊరు కూడా ఒక విధంగా ప్రయాణం చేసిందనే చెప్పాలి. నేను పుట్టినప్పుడు అది గుంటూరు జిల్లాలో ఉండేది. 1970 తరువాత ప్రకాశం జిల్లాలోకి పోయింది. 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నది. ఉన్న చోటు నుంచి అంగుళం కదలకుండా మూడు జిల్లాలు తిరిగింది. అయినా రైలును మాత్రం చూడలేదు.

రైలు కావాలంటే మేము పర్చూరు మీదుగా చీరాల పోవాలి. నేను మొదటిసారి రైలును చూసింది అక్కడే. అప్పుడు నాకు ఏడేళ్ళు. మా నాన్న బట్టలు కొనడానికి చీరాల పోతూ నన్ను వెంట తీసుకుపోయాడు. స్టేషనులో నిలబడి ఉండగా, నల్లటి ఏనుగు లాంటి ఆవిరి ఇంజను బుసలు కొడుతూ వచ్చింది. దాని వేడి నా ముఖానికి తగిలింది. నేను మా నాన్న పంచె పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. వెనక వచ్చిన పెట్టెలు ఎన్నో, వాటిలో ఎవరున్నారో నాకు తెలియదు. ఆనాటి నుంచి నా మనస్సులో రైలు అంటే ఇంజనే. మిగిలినదంతా దాని తోక.

ఈ నమ్మకం మూలాన నేను ఒక పిల్లవాడికి అన్యాయం చేశాను. ఆ కథ చెప్పిన తరువాత గాని రైళ్ళ సంగతి చెప్పలేను.

అప్పటికి నేను ఉపాధ్యాయుణ్ణి అయి కొద్ది సంవత్సరాలే అయింది. ఒక పల్లెటూరి బడిలో ఆరో తరగతికి సామాన్య శాస్త్రం చెబుతున్నాను. ఒకనాడు శక్తిని గురించి పాఠం. నల్లబల్ల మీద రైలు బొమ్మ వేశాను. ముందు ఇంజను, వెనక నాలుగు పెట్టెలు. "శక్తి అంతా ఇందులో పుడుతుంది. ఇది లేకపోతే రైలు లేదు," అని ఇంజను మీద బెత్తంతో కొట్టి చూపించాను.

వెనక బల్ల మీద నుంచి ఒక కుర్రవాడు లేచి నిలబడ్డాడు. వాడి తండ్రి మద్రాసులో తాపీ పని చేసేవాడు. వాడు వేసవి సెలవుల్లో అక్కడికి పోయి వచ్చాడు.

"మాస్టారూ, మద్రాసులో మా నాన్న నన్ను ఎక్కించిన రైలుకు ఇంజను లేదండీ," అన్నాడు వాడు.

"ఉండే ఉంటుంది. నువ్వు చూసి ఉండవు," అన్నాను.

"లేదండీ. అటు చివరా పోయి చూశాను, ఇటు చివరా పోయి చూశాను. అన్నీ మనుషులు ఎక్కే పెట్టెలేనండీ."

అప్పుడు నేను, "అయితే ఎద్దులు లేని బండి కూడా నడుస్తుందంటావా?" అన్నాను. తరగతి అంతా ఒక్కసారిగా నవ్వింది. నేను కూడా నవ్వాను. వాడు కూచున్నాడు. నేను వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. కాని ఆ తరువాత వాడు నా తరగతిలో ఎన్నడూ చెయ్యి ఎత్తలేదు. ఆ సంగతి నేను అప్పుడు గమనించలేదు. రెండేళ్ళ తరువాత గమనించాను. అది ఎలా జరిగిందంటే—

మా బంధువుల ఇంట పెళ్ళికి మద్రాసు పోయాను. పెళ్ళివారి ఇల్లు తాంబరంలో. బీచ్ స్టేషనులో రైలు ఎక్కమని చెప్పారు. సన్న పట్టాల మీద రైలు వచ్చి ఆగింది. అలవాటు చొప్పున ఇంజను కోసం ముందుకు నడిచాను. ముందు పెట్టెలో ఒక చిన్న గది, దానిలో డ్రైవరు, వెనకనే బెంచీల మీద మనుషులు! వెనకకు నడిచాను. ఆ చివర కూడా అంతే. ఈ లోపల రైలు కదిలింది. గబగబా ఎక్కేశాను. సుమారు ముప్పయి కిలోమీటర్ల దూరం. ఎన్ని స్టేషన్లలో ఆగిందో లెక్క లేదు. ఆగటం ఎంత చప్పున ఆగేదో, కదలటం అంత చప్పున కదిలేది. తాంబరంలో నేను దిగి నిలబడి చూశాను. డ్రైవరు ఒక చివర గదిలో నుంచి దిగి, సంచి భుజాన వేసుకుని, ప్లాటుఫారం మీద నడుచుకుంటూ రెండో చివరకు పోయి, అక్కడి గదిలో ఎక్కాడు. అంతే. తోక ముఖం అయింది, ముఖం తోక అయింది.

పెళ్ళి భోజనం నాకు రుచించలేదు. తిరిగి రాగానే ఆ కుర్రవాణ్ణి పిలిచి, తరగతి ముందు నిలబెట్టి, "వీడు చెప్పినది నిజం, నేను చెప్పినది తప్పు," అని చెప్పాలనుకున్నాను. కాని ఆ వేసవిలోనే వాడి తండ్రి కుటుంబాన్నంతా మద్రాసుకు తీసుకుపోయాడు. తరగతిలో వాడి చోట మరొకడు కూచున్నాడు.

ఆనాటి నుంచి ఇంజను లేని రైళ్ళ సంగతి ఎక్కడ దొరికినా చదవటం, వీలయితే ఎక్కి చూడటం నాకు ఒక పని అయింది. ఆ పాఠం ఇప్పుడు సరిగా చెబుతాను.

ముందుగా ఒక ప్రశ్న. మన వైపు రైళ్ళను లాగే విద్యుత్తు ఇంజన్లలో వాప్-7 అనే రకం ఉన్నది. దాని బరువు 123 టన్నులు. ఇంజను ఎందుకు అంత బరువుండాలి? తేలికగా చేస్తే ఇంకా హాయిగా పరుగెత్తదా?

పరుగెత్తదు. కడిగిన నాపరాతి అరుగు మీద నీళ్ళు ఆరకముందే ఇద్దరు పిల్లలు తాడు పట్టుకుని లాగి చూడండి. పడకుండా జాగ్రత్త! ఎంత బలం ఉన్నా, బక్కవాడి కాళ్ళు జారిపోతాయి. బరువైనవాడు నిలబడతాడు. రైలు చక్రం ఉక్కు, పట్టా ఉక్కు. ఉక్కు మీద ఉక్కు నున్నగా దొర్లుతుంది. అంత బరువును తక్కువ శక్తితో లాగగలగటం ఆ నునుపు వల్లనే. కాని ఆ నునుపే కదిలేటప్పుడు చిక్కు తెస్తుంది. చక్రం పట్టాను గట్టిగా పట్టుకోకపోతే ఉన్న చోటనే గిర్రున తిరుగుతుంది. పట్టాలు పొడిగా ఉన్నప్పుడు ఇంజను తన బరువులో సుమారు నాలుగో వంతు బలంతో మాత్రమే లాగగలదు. వాన పడితే అది కూడా తగ్గుతుంది. అందుకే ఇంజన్లలో ఇసక పెట్టుకుని, జారినప్పుడు చక్రాల కింద పోస్తారు.

ఇప్పుడు మా నల్లరేగడి పొలాలకు రండి. పది బండ్ల పత్తి ఉన్నదనుకోండి. పది బండ్లనూ ఒకదాని వెనక ఒకటి కట్టి, అన్నిటికన్నా ముందు ఒకే ఒక జత మహా బలమైన ఎడ్లను కట్టవచ్చు. అది ఇంజను రైలు. లేదా ఒక్కొక్క బండికి, లేకపోతే రెండు మూడు బండ్లకు ఒక జత చొప్పున, మామూలు ఎడ్లను కట్టవచ్చు. అది ఇంజను లేని రైలు. నిజానికి ఇంజను లేకపోవటం కాదు. ఇంజను ముక్కలై పెట్టెల కిందికి పోయింది. పెట్టె బరువూ, అందులో కూచున్న మనుషుల బరువూ కూడా చక్రం పట్టుకు సాయపడతాయి. అందుచేత అది చప్పున కదులుతుంది. మైలు మైలుకూ ఆగే రైలుకు కావలసినది అదే గదా.

మరొక లాభం నేను తాంబరంలో చూసినదే. మామూలు రైలు చివరి స్టేషను చేరితే ఇంజనును ఊడదీసి, పక్క పట్టాల మీదుగా తిప్పి, రెండో వైపున తగిలించాలి. అందుకు వేరే పట్టాలు కావాలి, మనుషులు కావాలి, సమయం కావాలి. ఇక్కడ డ్రైవరు ఒక్కడు నడిస్తే చాలు.

ఇంత సుఖమైన ఏర్పాటు మనుషులకు ముందే ఎందుకు తోచలేదని మీరు అడగవచ్చు. తోచింది. కాని తోచటం వేరు, నడవటం వేరు. ఇంగ్లండులో గ్రేట్ వెస్టర్న్ అనే రైలు కంపెనీ 1903లో ఒకే పెట్టెలో ఒక మూల నిలువు బాయిలరు పెట్టి, మిగిలిన చోట ప్రయాణీకులను కూచోపెట్టి నడిపింది. జనం రోడ్డు మీది ట్రాములకు పోతారేమోనని ఆ కంపెనీ భయం. పల్లె పల్లెకూ ఆగే ఈ బండి జనానికి ఎంతో నచ్చింది. అదే దాని కొంప ముంచింది! జనం ఎక్కువైతే మరొక పెట్టె తగిలించాలి. తగిలిస్తే ఆ చిన్న బాయిలరు లాగలేదు. బాయిలరు కడగవలసి వచ్చినా, బాగుచేయవలసి వచ్చినా బండి మొత్తం షెడ్డులో పడి ఉండవలసిందే. ఆ కంపెనీ ఇలాంటివి 99 తయారుచేసింది. 1935 నాటికి అన్నిటినీ తీసేసింది.

అమెరికాలో మెక్కీన్ అనే ఆయన 1905 నుంచి పెట్రోలుతో నడిచే పెట్టెలు కట్టాడు. గాలిని చీల్చుకు పోవడానికి వాటి ముక్కు కత్తిలా ఉండేది. కిటికీలు ఓడ కిటికీల మాదిరి గుండ్రంగా ఉండేవి. చూడడానికి బాగుండేవి గాని, ఇంజన్లు తరచు మొరాయించేవి. ఆయన అలాంటివి సుమారు 150 తయారుచేసి ఊరుకున్నాడు.

వీటన్నిటికన్నా నాకు ఇష్టమైన కథ స్ప్రేగ్ అనే ఇంజనీరుది. ఆయన కొంతకాలం ఎడిసన్ దగ్గర పనిచేశాడు. తరువాత మేడలలో మనుషులను పైకీ కిందికీ తీసుకుపోయే విద్యుత్తు లిఫ్టులు కట్టాడు. చాలా లిఫ్టులను ఒకే చోటి నుంచి నడిపించగలిగినప్పుడు, చాలా రైలు పెట్టెలను మాత్రం ఒకే చోటి నుంచి ఎందుకు నడిపించలేము, అనుకున్నాడు. ప్రతి పెట్టె కింద మోటార్లు ఉంటాయి. అన్ని పెట్టెల గుండా ఒక సన్న తీగ పోతుంది. ముందు పెట్టెలో డ్రైవరు పిడి తిప్పితే, ఆ తీగ వెంట పోయిన స్వల్ప విద్యుత్తు అన్ని పెట్టెలలోని మీటలనూ ఒకే క్షణంలో కదిలిస్తుంది. మోటార్లకు కావలసిన పెద్ద విద్యుత్తు ఆ మీటల ద్వారా అందుతుంది. పది జతల ఎడ్లూ ఒకే అదిలింపుకు ఒకే అడుగు వేస్తాయన్న మాట.

1897 జులైలో స్కెనెక్టడీ అనే ఊళ్ళో ఆయన దీన్ని పెద్దలకు చూపించాడు. ఆరు పెట్టెల రైలు. దాన్ని నడపడానికి నిపుణుడైన డ్రైవరును పెట్టలేదు. తన పదేళ్ళ కొడుకును పెట్టాడు! ఆ పిల్లవాడు పిడి తిప్పితే ఆరు పెట్టెలూ కదిలాయి, ఆగాయి. ఆ తరువాత చికాగో నగరంలోని ఎత్తు రైళ్ళకు ఈ పద్ధతి పెట్టారు. ఈనాడు ప్రపంచంలో తిరిగే మెట్రో రైళ్ళన్నిటికీ మూలం అదే. పదేళ్ళవాడికి రైలు పిడి అప్పగించిన ఆ తండ్రిని గురించి చదివినప్పుడు, పదకొండేళ్ళవాడి మాట వినని నేను గుర్తుకు వచ్చాను.

మన దేశంలో మొట్టమొదటి విద్యుత్తు రైలు ఇంజను లాగిన రైలు కాదు, ఇలాంటి రైలే. అది 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లా దాకా నడిచింది. 1931లో మద్రాసుకు వచ్చింది. అంటే మా కుర్రవాడు ఎక్కిన రైలు వాడి తాతల కాలం నాటిది! నేనే ఎరగను. హైదరాబాదు వాసులకు 2003లో ఎం.ఎం.టి.ఎస్. పేరుతో వచ్చింది. దూరపు ఊళ్ళ మధ్య తిరిగే మెము, విద్యుత్తు తీగలు లేని చోట తిరిగే డెము, రెండూ మన దేశంలో 1994లో మొదలయినాయి. డెములో డీజిలు ఇంజను ఉంటుంది. అది నేరుగా చక్రాలను తిప్పదు, విద్యుత్తు పుట్టిస్తుంది. ఆ విద్యుత్తుతో మోటార్లు చక్రాలను తిప్పుతాయి. విజయవాడకూ ఒంగోలుకూ మధ్య తిరిగే మెము చీరాలలో ఆగుతుంది. ఈసారి ఎక్కినప్పుడు గమనించండి: నాలుగు పెట్టెలకు ఒక దాని కింద మోటార్లు ఉంటాయి. ఆ పెట్టెలో కూచుంటే కాళ్ళ కింద గుయ్యిమని వినిపిస్తుంది. కునుకు తీయదలచినవారు పక్క పెట్టెలోకి పోవటం మంచిది.

ఇవన్నీ పెద్ద రైళ్ళు. వీటికి ఒక చిట్టి తమ్ముడు ఉన్నాడు. వాడి పేరు రైలుబస్సు. బస్సు ఇంజను లాంటి డీజిలు ఇంజను, ఒకే పెట్టె, అంతే. రాజస్థానంలో మేర్తా రోడ్డు, మేర్తా సిటీ అనే రెండు ఊళ్ళ మధ్య 1994లో ఇలాంటిది మొదలయింది. మన తెలుగునాట కాకినాడ నుంచి కోటిపల్లికి నడిచింది. దాన్ని ఎక్కాలని నేనూ మా ఇంటావిడా 2012లో కార్తిక మాసంలో బయలుదేరాము. ఆమె కోటిపల్లి సోమేశ్వరుణ్ణి చూడడానికి. నేను రైలుబస్సును చూడడానికి.

మార్టూరు నుంచి చీరాలకు బస్సు. చీరాలలో రాత్రి పూట సర్కార్ ఎక్స్‌ప్రెస్. తెల్లవారేసరికి కిటికీలో పత్తి చేలు లేవు, మిరప చేలు లేవు. ఎటు చూసినా నీళ్ళు, వరి, కొబ్బరి చెట్లు. మా వైపు రైతు ఆకాశం వంక చూస్తాడు; ఆ వైపు రైతు కాలవ వంక చూస్తాడు. "ఇన్ని నీళ్ళుంటే మనవాళ్ళు మిరప వేసి ఉండేవాళ్ళు కారు," అన్నది మా ఇంటావిడ.

కాకినాడ స్టేషనులో ఒక మూల పట్టాల మీద అది నిలబడి ఉన్నది. పక్కన పొడుగాటి రైళ్ళు ఉండటం మూలాన మరీ చిన్నదిగా కనిపించింది. పెద్ద ఎడ్ల మధ్య దూడ నిలబడినట్టు ఉన్నది. నేను చుట్టూ తిరిగి చూశాను. రెండు చివరలా డ్రైవరుకు చోటు ఉన్నది. లోపల సీట్లు బస్సులో మాదిరే. పాలక్యానులు, కూరగాయల గంపలు, బడికి పోయే పిల్లలు, కోటిపల్లి పోయే ముసలమ్మలు—అందరూ ఒకరినొకరు ఎరిగినవారే. టిక్కెట్టు బండిలోనే ఇచ్చారు. డ్రైవరు నడపటం మొదలుపెట్టగానే నేల అదిరింది. గేరు మార్చినప్పుడల్లా అచ్చం మా మార్టూరు బస్సు లాగే మూలిగింది. మా ఇంటావిడ చెవులు మూసుకున్నది.

ఈ లైను కథ వినదగినది. ఇంగ్లీషువారి కాలంలో 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు వేశారు. గట్టిగా పదిహేనేళ్ళు కూడా నడవలేదు. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధానికి ఇనుము కావలసి వచ్చింది. రాబడి లేని లైను ఇదేనని, పట్టాలు పీకి పట్టుకుపోయారు. కట్ట మాత్రం మిగిలింది. అరవై ఏళ్ళ పాటు ఆ కట్ట మీద గడ్డి మొలిచింది. చివరకు కోనసీమ నుంచి ఎన్నికై లోక్‌సభకు స్పీకరు అయిన బాలయోగిగారు పూనుకుని మళ్ళీ లైను వేయించే ప్రయత్నం చేశారు. ఆయన 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు. లైను పూర్తయి 2004లో రైలుబస్సు వచ్చే నాటికి, చూడడానికి ఆయన లేరు.

సుమారు 45 కిలోమీటర్ల దారి. కరప, రామచంద్రపురం, ద్రాక్షారామం దాటి గౌతమీ గోదావరి ఒడ్డున కోటిపల్లిలో ఆగిపోతుంది. ఆ దారిలో నేను ఎక్కడా చూడని వింత ఒకటి చూశాను. రోడ్డు అడ్డం వచ్చినప్పుడు బండి ఆగింది. బండిలోని సిబ్బందిలో ఒకాయన దిగి, పోయి గేటు వేశాడు. బండి గేటు దాటి మళ్ళీ ఆగింది. ఆయన గేటు తీసి, పరుగెత్తుకు వచ్చి ఎక్కాడు. తరువాత గేటు దగ్గర మళ్ళీ అంతే. ఒక్కొక్క గేటుకూ ఒక్కొక్క మనిషిని పెడితే ఈ చిన్న బండి రాబడి వాళ్ళ జీతాలకు కూడా చాలదు. అందుకని గేటు మనిషి కూడా బండితో ప్రయాణం చేస్తాడు. మా పక్కన కూచున్న కుర్రవాడు, "సైకిలు మీద పోతే ముందు చేరతామండీ," అన్నాడు. మరి ఎందుకు ఎక్కావని అడిగాను. "కిటికీ ఉందిగదండీ!" అన్నాడు.

ఇక్కడ నాకు అమెరికాలోని బాతు కథ గుర్తుకు వచ్చింది. కొలరాడో కొండలలో ఒక సన్న పట్టాల లైను ఉండేది. 1931 నాటికి దానికి బొగ్గు కొనే శక్తి కూడా పోయింది. అయినా ఉత్తరాలు మోస్తామని ప్రభుత్వంతో ఒప్పందం ఉన్నది. రైలు నడపకపోతే ఆ డబ్బు కూడా పోతుంది. అప్పుడు ఆ కంపెనీ కర్మాగారంలోని పనివాళ్ళు పాత మోటారు కార్లు తెచ్చి, వాటికి రైలు చక్రాలు బిగించి, వెనక సామాను పెట్టె కట్టి, కొండలెక్కించారు. ఊగుతూ పోయే దాని నడకను చూసి జనం "పరుగెత్తే బాతు" అని పేరు పెట్టారు. అలాంటివి ఏడు తయారుచేశారు. ఆ బాతులు ఇరవై ఏళ్ళ పాటు ఆ లైనును బతికించినాయి.

అదే కాలంలో జర్మనీ ఇంజనీర్లు రైలు పెట్టెకు మరొక దారి చూపించారు. 1931లో ఒక పెట్టె వెనక విమానపు పంకా బిగించి గంటకు 230 కిలోమీటర్ల వేగంతో నడిపారు. కాని జనం నిలబడే ప్లాటుఫారం పక్కన అంత పెద్ద పంకా తిరిగితే ఏమవుతుంది? ఆ పైన దానికి మరొక పెట్టె తగిలించడానికి వీలు లేదు. ఒక్కటే కట్టారు, అది కూడా తరువాత విరగ్గొట్టారు. కాని 1933లో రెండు డీజిలు ఇంజన్లతో బెర్లిన్ నుంచి హాంబర్గ్‌కు నడిపిన రెండు పెట్టెల బండి మాత్రం గెలిచింది. 286 కిలోమీటర్లు 138 నిమిషాలలో పోయేది. సగటున గంటకు ఎంతో మీరే లెక్క కట్టండి.

ఒకే రకం బండి. ఒక చోట అది మహా వేగం కోసం పుట్టింది. మరొక చోట బీద లైను బతకడం కోసం పుట్టింది. మా కోటిపల్లి బండి ఈ రెండో వంశానిది.

కోటిపల్లిలో దిగి గోదావరిలో స్నానం చేసి, సోమేశ్వరుణ్ణి చూశాము. ఒడ్డు నుంచి పంటు అవతలి ముక్తేశ్వరానికి మనుషులనూ, మోటారు సైకిళ్ళనూ దాటిస్తున్నది. పట్టాలు మాత్రం నీటికి ఇవతలే ఆగిపోయాయి. నదిని దాటించి నరసాపురం దాకా లైను పొడిగించే పని ఏళ్ళ తరబడి సాగుతున్నది. తిరుగు ప్రయాణంలో బండి నిండిపోయింది. కార్తిక మాసం జనం మరి. ఎక్కలేనివారు బస్సు కోసం రోడ్డు మీదికి పోయారు. మరొక పెట్టె తగిలిస్తే పోదా, అని ఒక ముసలాయన విసుక్కున్నాడు. ఆయనకు ఇంగ్లండు బాయిలరు బండి కథ చెప్పాలనిపించింది గాని, ఆ ఇరుకులో ఆయన వినే స్థితిలో లేడు.

2020 మార్చిలో కరోనా వ్యాధి మూలాన దేశంలోని ప్రయాణీకుల రైళ్ళన్నీ ఆగిపోయినప్పుడు, ఆ బండి కూడా ఆగిపోయింది. పెద్ద రైళ్ళు ఆగితే పత్రికలు రాస్తాయి. ఇలాంటి బండి ఆగితే పాలక్యానులవాళ్ళకూ, బడిపిల్లలకూ మాత్రమే తెలుస్తుంది.

ఇక చివరి సంగతి. 2023 ఏప్రిల్ 8న సికిందరాబాదు నుంచి తిరుపతికి వందే భారత్ రైలు మొదలయింది. నల్గొండ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరు మీదుగా పోతుంది. ఈ రకం రైళ్ళను మొదట తయారుచేసింది మద్రాసు పెరంబూరులోని కర్మాగారంలో. 2018లో పరీక్షలు చేసినప్పుడు గంటకు 180 కిలోమీటర్ల వేగం అందుకున్నది. రెండు పెట్టెలకు ఒకటి చొప్పున కింద మోటార్లు ఉంటాయి. ఆ వేసవిలో నాలుగో తరగతి చదివే మా మనవరాలిని వెంటబెట్టుకుని ఒంగోలు స్టేషనుకు పోయాను. రైలు ఎక్కడానికి కాదు, చూడడానికే. ముందుగా ఏమీ చెప్పలేదు. "ఇంజను ఎక్కడున్నదో చూసి చెప్పు," అని మాత్రం అన్నాను.

తెల్లటి రైలు చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. పిల్ల ముందుకు పరుగెత్తింది, వెనకకు పరుగెత్తింది. అంత పొడుగు రైలుకు ఆ చివర చూడకముందే తలుపులు మూసుకున్నాయి. రైలు కదిలి, కళ్ళ ముందే వేగం అందుకుని, నెల్లూరు వైపు పోయింది. పిల్ల రొప్పుతూ వచ్చి నా ముందు నిలబడ్డది.

"తాతయ్యా, ఇంజను లేదు," అన్నది.

"సరిగా చూశావా?"

"చూశాను. ఇటు చివర ముక్కున్నది. పోయేటప్పుడు చూస్తే అటు చివరా ముక్కే ఉన్నది. మరి దానికి తోక ఏది?"

నేను నవ్వలేదు. అక్కడే ప్లాటుఫారం బల్ల మీద కూచుని, జేబులోని కాగితం తీసి, బొమ్మ వేయటం మొదలుపెట్టాను. ముందు పెట్టె కింద చక్రాలు, చక్రాల పక్కన మోటార్లు, పెట్టె నుంచి పెట్టెకు పోయే సన్న తీగ. పిల్ల అడ్డం పడి, పెన్సిలు లాక్కుని, రెండో పెట్టె తనే వేసింది. మేము మార్టూరు బస్సు అందుకోలేకపోయాము. తరువాతి బస్సు వచ్చేసరికి కాగితం మీద పది పెట్టెలు ఉన్నాయి.